పన్ను తగ్గింపు కంపెనీకి, రాజీనామా లేఖ ఉద్యోగికి: విశాఖ ముందున్న లెక్క

2025 ఏప్రిల్‌లో రాష్ట్ర మంత్రివర్గం విశాఖపట్నం ఋషికొండ ఐటీ హిల్ నంబర్ 3 మీద 21.16 ఎకరాలను 99 పైసల నామమాత్రపు ధరకు ఐటీ సంస్థ టీసీఎస్‌కు కేటాయించింది. సంస్థ ఇచ్చిన హామీ 1,370 కోట్ల పెట్టుబడి, 12,000 ఉద్యోగాలు. జూలై నెలాఖరులో అదే సంస్థ ప్రపంచవ్యాప్తంగా తన సిబ్బందిలో 2 శాతాన్ని, అంటే సుమారు 12,000 మందిని తగ్గించుకుంటున్నట్టు ప్రకటించింది. రెండు అంకెలూ ఒకటే కావడం కాకతాళీయం. ఒకదానికోసం ఇంకొకటి చేశారని ఎవరూ అనలేరు. అయితే ప్రజల సొమ్ముతో ఇచ్చిన రాయితీకీ, కంపెనీ ఉద్యోగుల పట్ల పాటించాల్సిన బాధ్యతకీ మధ్య ముడి ఎక్కడుందన్న ప్రశ్న మాత్రం అక్కడే పుడుతుంది. కాగితాలు తిరగేస్తే ఆ ముడి చాలాచోట్ల అసలు వేయనే లేదని, వేసినచోట కూడా ఒక్క సంతకంతో ఊడిపోతోందని తేలుతుంది.

ముందు పన్ను సంగతి. 2019 సెప్టెంబరు 20న కేంద్రం ఆర్డినెన్స్ ద్వారా కార్పొరేట్ పన్నును ఒక్కసారిగా తగ్గించింది. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 115బీఏఏ సెక్షన్ చేర్చి, మినహాయింపులు వదులుకునే కంపెనీకి 22 శాతం రేటు పెట్టారు. దాని మీద 10 శాతం సర్‌చార్జి, 4 శాతం సెస్ కలిపితే 25.17 శాతం అవుతుంది. అంతకుముందు పెద్ద కంపెనీలు అన్నీ కలుపుకుని 34.94 శాతం కట్టేవి. 2019 అక్టోబరు 1 తర్వాత రిజిస్టరైన కొత్త తయారీ కంపెనీలకు 115బీఏబీ కింద 15 శాతమే, అన్నీ కలిపి 17.16. ఉత్పత్తి మొదలుపెట్టాల్సిన గడువును 2023 మార్చి 31 నుంచి ఒక ఏడాది పొడిగించారు కూడా. ఖజానాకు ఏడాదికి 1.45 లక్షల కోట్ల ఆదాయం తగ్గుతుందని ఆనాడే ప్రభుత్వం అంచనా చెప్పింది.

ఈ రెండు సెక్షన్లలోనూ 'ఇంతమందికి పని ఇవ్వాలి', 'ఉన్నవారిని తీసేయకూడదు' అనే షరతు లేదు. లాభం మీద పన్ను తగ్గిస్తే పెట్టుబడి పెరుగుతుంది, పెట్టుబడి పెరిగితే పని దొరుకుతుంది అన్న నమ్మకమే ఆధారం. సిద్ధాంతంగా అది కొట్టిపారేయాల్సింది కాదు. కొత్త ఫ్యాక్టరీ మీద వచ్చే రాబడి పెరిగితే, పెట్టాలా వద్దా అని తటపటాయించే యజమాని ముందుకు రావచ్చు. కానీ సరుకుకు గిరాకీ లేనప్పుడు పన్ను ఎంత తగ్గినా ఎవరూ కొత్త షెడ్డు వేయరు. మిగిలిన డబ్బును కంపెనీలు అప్పులు తీర్చుకోవడానికి, నగదు నిల్వలు పెంచుకోవడానికి వాడుకున్నాయని రిజర్వు బ్యాంకు తన 2019-20 వార్షిక నివేదికలోనే రాసింది. 2018-19లో సుమారు 6.64 లక్షల కోట్లున్న కార్పొరేట్ పన్ను వసూళ్లు మరుసటి ఏడాది 5.57 లక్షల కోట్లకు పడిపోయాయి. కోవిడ్ తర్వాత మళ్లీ పెరిగి 2023-24 నాటికి 9.11 లక్షల కోట్లకు చేరినా, ఆ ఏడాది వ్యక్తులు కట్టిన ఆదాయపు పన్ను అంతకన్నా ఎక్కువ. అదే 2023-24లో కార్పొరేట్ లాభాలు పదిహేనేళ్ల గరిష్ఠానికి చేరాయనీ, నాలుగు వేల లిస్టెడ్ కంపెనీల్లో ఉద్యోగాలు మాత్రం 1.5 శాతమే పెరిగాయనీ 2025 జనవరి ఆర్థిక సర్వే ఎత్తిచూపింది. ఈ మాట అన్నది ప్రతిపక్షం కాదు, ఆర్థిక మంత్రిత్వ శాఖే.

ఇందులో చాలామంది గమనించని లెక్క ఒకటుంది. జీతం కంపెనీకి ఖర్చు, లాభం తేల్చకముందే దాన్ని తీసేస్తారు. పన్ను 34.94 శాతం ఉన్న రోజుల్లో వంద రూపాయలు జీతమిస్తే 34.94 రూపాయల పన్ను తగ్గేది, కంపెనీ జేబులోంచి నిజంగా పోయేది 65.06. పన్ను 25.17కు దిగాక అదే వంద జీతానికి జేబులోంచి పోయేది 74.83. తిప్పి చూస్తే, వంద రూపాయల జీతం కోసేస్తే వాటాదారులకు అప్పట్లో 65 మిగిలేది, ఇప్పుడు దాదాపు 75 మిగులుతుంది. అంటే లాభం మీద పన్ను తగ్గింపు మనిషిని పెట్టుకోవడాన్ని చవక చేయలేదు, తీసేయడం వల్ల మిగిలే సొమ్మును పెంచింది. ఉద్యోగుల్ని తొలగించడానికి కారణం ఇదేనని దీని అర్థం కాదు. ఆర్డర్లు తగ్గడం, యంత్రాలు మారడం, నైపుణ్యాలు పాతబడడం అసలు కారణాలు. కానీ 'పన్ను తగ్గిస్తే ఉద్యోగాలు నిలబడతాయి' అనే మాటకు ఈ లెక్కలో చోటు లేదు.

నష్టాల్లో ఉన్న సంస్థకైతే ఈ తగ్గింపు అసలు వర్తించదు, లాభమే లేనప్పుడు పన్నేముంటుంది? విశాఖలో పెద్ద ఉపాధి కేంద్రమైన ఉక్కు కర్మాగారం 2022-23లో 2,858 కోట్లు, 2023-24లో 4,848 కోట్లు నష్టపోయింది. పన్ను రేటు 34 అయినా 25 అయినా గాజువాక, కూర్మన్నపాలెం ఇళ్లలో తేడా రాలేదు. 2025 జనవరి 17న కేంద్రం ప్రకటించిన 11,440 కోట్ల ప్యాకేజీ మాత్రం నేరుగా ప్రజాధనం. అదే ఏడాది కాంట్రాక్టు కార్మికుల తొలగింపులు సాగాయి, మే నెలలో వారు సమ్మెకు దిగారు. సంస్థ నిలబడడం ఎంత ముఖ్యమో, నిలబెట్టే డబ్బులో కాంట్రాక్టు కార్మికుడి బాకీకి ఇంత అని ముందే రాసిపెట్టడమూ అంతే ముఖ్యం. పునరుద్ధరణ కాగితం మీద బ్యాంకుల పేర్లు ఉంటాయి, సరఫరాదారుల పేర్లు ఉంటాయి. గేటు పాసు మీద పనిచేసినవాడి పేరు ఉండదు.

ఉద్యోగానికి ముడిపెట్టిన రాయితీలు లేకపోలేదు. 1961 చట్టంలోని 80జేజేఏఏ సెక్షన్ అలాంటిదే. 115బీఏఏ ఎంచుకున్న కంపెనీ కూడా దీన్ని వాడుకోవచ్చు. కొత్తగా చేరిన ఉద్యోగికి ఇచ్చే జీతంలో 30 శాతాన్ని మూడేళ్లపాటు అదనపు ఖర్చుగా చూపించుకోవచ్చు. నెలకు 20,000 జీతమైతే ఏడాదికి 2,40,000, అందులో 30 శాతం 72,000, దాని మీద ఆదా అయ్యే పన్ను ఏడాదికి సుమారు 18,100 రూపాయలు. షరతులు గట్టివే. జీతం నెలకు 25,000 దాటకూడదు, ఏడాదిలో కనీసం 240 రోజులు పనిచేసి ఉండాలి (బట్టలు, పాదరక్షల పరిశ్రమలో 150 రోజులు), పీఎఫ్‌లో ఉండాలి, జీతం బ్యాంకు ద్వారానే అందాలి. అన్నిటికన్నా ముఖ్యం, గత ఏడాది చివరి రోజున్న సంఖ్య కన్నా మొత్తం ఉద్యోగుల సంఖ్య పెరిగి ఉండాలి. నలభై మందిని తీసేసి నలభై మందిని పెట్టుకుంటే ఆ ఏడాది చేరినవారి పేరిట ఏమీ రాదు. పన్ను చట్టంలో తొలగింపును లెక్కలోకి తీసుకునే అరుదైన నిబంధన ఇది. కానీ 25,000 పరిమితి 2016లో పెట్టింది. మధురవాడలో ఆ జీతం దాటిన ఫ్రెషర్ దీనికి పనికిరాడు. 2025 ఆగస్టు 1న మొదలైన ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన కూడా ఇలాంటిదే. 50 మంది లోపు ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని, అంతకు మించి ఉన్నది కనీసం అయిదుగురిని అదనంగా తీసుకుని ఆరు నెలలు నిలబెడితే, ఒక్కొక్కరికి నెలకు గరిష్ఠంగా 3,000 చొప్పున రెండేళ్లు, తయారీ రంగంలో నాలుగేళ్లు యజమానికి అందుతుంది. ముందు పని, తర్వాత డబ్బు. లాభం మీద రేటు తగ్గించడం కన్నా ఈ దారే న్యాయమైనది.

వెళ్లేటప్పుడు చేతికి రావాల్సింది

పన్ను చట్టం అడగని బాధ్యతను కార్మిక చట్టం అడుగుతుంది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు (పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన కొత్త చట్టాలు) అమల్లోకి వచ్చాయి. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చినా, తొలగింపులో మూల సూత్రాలు అవే. ఏడాది నిరంతర సర్వీసు, అంటే గడిచిన పన్నెండు నెలల్లో 240 రోజుల పని ఉన్న కార్మికుణ్ని తీసేయాలంటే నెల రోజుల రాతపూర్వక నోటీసు లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. నోటీసులో కారణం రాయాలి. పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం నష్టపరిహారంగా చెల్లించాలి. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు. ఒకే రకం పనిలో చివర చేరినవారిని ముందు తీయాలి, ఆ వరస తప్పితే కారణం రాసిపెట్టాలి. మళ్లీ మనుషుల్ని తీసుకునేటప్పుడు తీసేసినవారికి ముందు అవకాశం ఇవ్వాలి, కొత్త కోడ్‌లో దీనికి ఏడాది గడువు పెట్టారు.

కొత్త కోడ్‌లో కార్మికుడికి దక్కిన ఒక మేలు పునర్నైపుణ్య నిధి. తొలగించిన ప్రతి కార్మికుడి పేరిటా యజమాని 15 రోజుల వేతనం ఆ నిధికి కట్టాలి, 45 రోజుల్లో అది కార్మికుడి ఖాతాలో పడాలి. పోయినది దీనికన్నా పెద్దది. ఫ్యాక్టరీలో తొలగింపుకు, మూసివేతకు ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన పరిమితి కేంద్ర చట్టంలో 100 మంది కార్మికులుగా ఉండేది, దాన్ని 300 చేశారు. ఆటోనగర్‌లో, పరవాడలో 120 మందో 250 మందో పనిచేసే యూనిట్లన్నీ ఆ గీత కిందే ఉంటాయి. 300 మంది, అంతకు మించి ఉన్నచోట మూడు నెలల నోటీసు, ముందస్తు అనుమతి రెండూ కావాలి. అరవై రోజుల్లో ప్రభుత్వం ఏమీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఆ అరవై రోజుల్లో యూనియన్ అభ్యంతరం రాతపూర్వకంగా వేయకపోతే తర్వాత అరిచి లాభం తక్కువ.

గ్రాట్యుటీ వేరే ఖాతా, నష్టపరిహారంతో దానికి సంబంధం లేదు. పది మంది, అంతకు మించి ఉన్న సంస్థలో అయిదేళ్ల సర్వీసు ఉంటే, చివరి నెల వేతనాన్ని 26తో భాగించి 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి. గరిష్ఠం 20 లక్షలు, 30 రోజుల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీతో. నిర్ణీత కాలపు ఒప్పందం మీద పనిచేసేవారికి కొత్త సామాజిక భద్రతా కోడ్ ప్రకారం ఏడాది సర్వీసు చాలు. వేతనం నిర్వచనమూ మారింది. మొత్తం జీతంలో అలవెన్సులు సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలోనే కలపాలి. బేసిక్ తక్కువ చూపించి గ్రాట్యుటీ తగ్గించే పాత అలవాటుకు ఇది అడ్డుకట్ట.

ఒక ఉదాహరణ కడదాం. ఆటోనగర్‌లో ఒక ఇంజనీరింగ్ యూనిట్, ఫిట్టర్, నెలకు 20,800 వేతనం, సర్వీసు 9 ఏళ్ల 7 నెలలు. ఇది పదేళ్లుగా లెక్కకు వస్తుంది. గ్రాట్యుటీకి రోజు వేతనం 800, పదిహేను రోజులకు 12,000, పదేళ్లకు 1,20,000. నష్టపరిహారానికి 26తో కాకుండా 30 రోజుల నెలతో లెక్క కడతారు, కాబట్టి ఏడాదికి 10,400, పదేళ్లకు 1,04,000. నోటీసు జీతం 20,800. పునర్నైపుణ్య నిధి నుంచి 10,400. మొత్తం 2,55,200. మిగిలిన సెలవుల డబ్బు, చివరి నెల జీతం దీనికి అదనం. వేతనాల కోడ్ ప్రకారం పని పోయిన రెండు పనిదినాల్లో జీతం బాకీ తీర్చాలి. 'ఫుల్ అండ్ ఫైనల్ 45 రోజుల తర్వాత' అనే హెచ్‌ఆర్ మాట జీతం విషయంలో చెల్లదు.

ఇప్పుడు అదే ఫిట్టర్ చేత 'వ్యక్తిగత కారణాలతో రాజీనామా చేస్తున్నాను' అని రాయించుకుంటే? గ్రాట్యుటీ 1,20,000 మాత్రం వస్తుంది. మిగిలిన 1,35,200 పోతుంది.

ఆ ఒక్క కాగితం ఎందుకంత ఖరీదు

ఐటీ కొండల మీద అయినా, ఫ్యాక్టరీలో అయినా తొలగింపు ఈ రోజుల్లో తొలగింపు పేరుతో జరగడం తక్కువ. మీటింగ్ గదిలోకి పిలుస్తారు. రాజీనామా ఇస్తే రిలీవింగ్ లెటర్ శుభ్రంగా వస్తుంది, రెండు మూడు నెలల జీతం ఇస్తాం, లేదంటే 'పనితీరు బాగాలేదు' అని టెర్మినేట్ చేస్తాం, తర్వాత ఎక్కడా ఉద్యోగం రాదు అంటారు. గంటలో తేల్చమంటారు. ఇల్లు లోన్ ఉన్న మనిషి సంతకం పెడతాడు. చట్టం దృష్టిలో ఆ క్షణంనుంచి అది స్వచ్ఛందంగా వెళ్లిపోవడం. నోటీసు అక్కర్లేదు, పరిహారం అక్కర్లేదు, చివర చేరినవారు ముందు వెళ్లాలన్న వరస అక్కర్లేదు, 300 మంది లెక్క కూడా అక్కర్లేదు.

పన్ను వైపూ నష్టమే. తొలగింపు పరిహారానికి, చట్టం లెక్క ప్రకారం వచ్చేదాంట్లో 5 లక్షల దాకా ఆదాయపు పన్ను ఉండదు (ఆ 5 లక్షలు దశాబ్దాల కిందట పెట్టినవి, పెంచాల్సిన అవసరం ఎప్పుడో వచ్చింది). రాజీనామా తీసుకుని 'సద్భావంతో' ఇచ్చే మూడు నెలల జీతం మొత్తం జీతం కిందే పన్నుకు వస్తుంది. పీఎఫ్‌లోనూ తేడా ఉంది. అయిదేళ్లు నిండకుండా డబ్బు తీసుకుంటే పన్ను పడుతుంది. కానీ కంపెనీ పని తగ్గించుకోవడం వల్లనో, ఉద్యోగి చేతిలో లేని మరో కారణంతోనో ఉద్యోగం పోతే ఆ పన్ను లేదు. ఈఎస్ఐ పరిధి 21,000 లోపు జీతం ఉన్నవారికి అటల్ బీమిత వ్యక్తి కళ్యాణ్ యోజన కింద 90 రోజులపాటు సగటు వేతనంలో సగం వస్తుంది. పై ఉదాహరణలోని ఫిట్టర్‌కు అది సుమారు 31,200. తనంతట తానే వెళ్లినట్టు కాగితం ఉంటే ఈ క్లెయిమ్‌కు కూడా చిక్కే. ఈ పథకాన్ని ఎప్పటికప్పుడు పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి, దరఖాస్తు పెట్టే నాటి స్థితిని ఈఎస్ఐ బ్రాంచి కార్యాలయంలో అడగాలి.

'మాది సాఫ్ట్‌వేర్, మాకు లేబర్ చట్టం వర్తించదు' అన్న నమ్మకం యజమానులకన్నా ఉద్యోగుల్లోనే బలంగా ఉంది. లేబర్ కోడ్ చూసేది హోదాను కాదు, చేసే పనిని. సాంకేతిక పని చేసేవారికి జీతం పరిమితే లేదు. 18,000 పరిమితి పర్యవేక్షణ పని చేసేవారికి మాత్రమే. కాబట్టి లక్షన్నర జీతంతో ప్రోగ్రాములు రాసే డెవలపర్ జీతం కారణంగా బయటికి పోడు. విజిటింగ్ కార్డు మీద 'లీడ్' అని ఉన్నా, సెలవు మంజూరు చేసే అధికారం, మనుషుల్ని తీసుకునే అధికారం లేనివాడు మేనేజర్ కాడని వాదించడానికి బలమైన ఆధారం ఉంటుంది. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం ఇంకో దారి. ఆరు నెలలు నిండిన ఉద్యోగిని సహేతుక కారణం, నెల నోటీసు లేకుండా తీయకూడదని 47వ సెక్షన్ అంటుంది. అయితే ఐటీ సంస్థలకు ఈ చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి ప్రభుత్వం జీవోల ద్వారా మినహాయింపులు ఇస్తూ వచ్చింది. తొలగింపు జరిగిన తేదీకి ఏ జీవో అమల్లో ఉందో చూసుకునే ఈ సెక్షన్ పట్టుకోవాలి.

కాంట్రాక్టు కార్మికుడిది మరీ పలచని రక్షణ. రెండేళ్లకొకసారి టెండరు మారుతుంది, కాంట్రాక్టర్ పేరు మారుతుంది, అదే మనిషి అదే యంత్రం దగ్గర ఉంటాడు. కాగితం మీద సర్వీసు మాత్రం మళ్లీ సున్నా నుంచి మొదలు. పదేళ్ల పని ముక్కలై, ఏ ముక్కా అయిదేళ్లు దాటదు. కాంట్రాక్టర్ వేతనం ఎగ్గొడితే ప్రధాన యజమాని చెల్లించి తీరాలని 1970 చట్టం చెప్పింది, కొత్త కోడ్ కూడా అదే అంటుంది. గ్రాట్యుటీ, తొలగింపు పరిహారం దగ్గరే ఇద్దరూ ఒకరిమీద ఒకరు తోసుకుంటారు. ఆ వాదనలో నిలబడేవి పాత గేటు పాసులు, ఈఎస్ఐ కార్డు, యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) పాస్‌బుక్. ఏ నెల ఏ కాంట్రాక్టర్ పీఎఫ్ కట్టాడో పాస్‌బుక్‌లో ఉంటుంది, ఆ నెలల్లో ఏ గేటులోంచి లోపలికి వెళ్లాడో పాసులో ఉంటుంది. రెండూ కలిపితేనే పదేళ్ల కథ ఒకటవుతుంది.

భూమి ఇచ్చే ముందు రాయాల్సింది

కేంద్రం పన్ను రేటు విశాఖ చేతిలో లేదు. భూమి చేతిలో ఉంది. ఋషికొండ తర్వాత 2025లోనే కాపులుప్పాడలో కాగ్నిజెంట్‌కు 21.31 ఎకరాలు అదే 99 పైసలకు ఇచ్చారు, అక్కడి హామీ 8,000 ఉద్యోగాలు. ఇలాంటి ఒప్పందాల్లో 'ఉద్యోగాలు కల్పిస్తాం' అనే వాక్యం సరిపోదు. ఎప్పటికల్లా, ఎక్కడ, ఎవరి లెక్క ప్రకారం అన్నది రాయాలి. మొత్తం నియామకాలను కాదు, చేరినవారిలోంచి వెళ్లినవారిని తీసేయగా మిగిలిన నికర సంఖ్యను చూడాలి. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో బదిలీ చేసి తెచ్చినవారిని వేరుగా చూపించాలి.

లెక్క తేల్చే చోటే ఎక్కువ ఒప్పందాలు దారి తప్పుతాయి. పీఎఫ్ నెలవారీ రిటర్నులే ఆధారమని రాస్తే, దేశమంతటికీ ఒకే పీఎఫ్ రిజిస్ట్రేషన్ నంబరు కింద కట్టే సంస్థల్లో, సొంత పీఎఫ్ ట్రస్టు నడిపే సంస్థల్లో విశాఖ సంఖ్య విడిగా కనబడదు. కంపెనీ ఇచ్చే ధ్రువీకరణ పత్రమే దిక్కవుతుంది. రాష్ట్రం చేతిలో అంతకన్నా నమ్మకమైన ఆధారం ఒకటుంది, వృత్తి పన్ను. నెలకు 15,000 దాటిన ప్రతి జీతం మీదా 150, 20,000 దాటితే 200 రూపాయలు యజమాని కోసి రాష్ట్ర ఖజానాకే కట్టాలి. క్యాంపస్‌కు విడిగా వృత్తి పన్ను రిజిస్ట్రేషన్ ఉండాలని భూమి ఒప్పందంలో రాస్తే, ఋషికొండ కొండ మీద ఈ నెల ఎంతమంది జీతం తీసుకున్నారో ప్రభుత్వానికి ఎవరినీ అడగకుండా తెలుస్తుంది. హామీలో తగ్గిన వంతు మేరకు భూమి మార్కెట్ విలువను రాబట్టుకునే నిబంధన, ఆరు నెలల్లో పది శాతానికి మించి సిబ్బంది తగ్గితే లేబర్ శాఖకు ముందే తెలపాలన్న నిబంధన, సామూహికంగా తీసుకున్న రాజీనామాలను తొలగింపుగానే లెక్కించే నిబంధన ఉండాలి. మూడోది లేకపోతే మొదటి రెండూ పనిచేయవు.

ఇప్పటికే సంతకం పెట్టినవారికీ దారి మూసుకుపోలేదు. బలవంతంగా తీసుకున్న రాజీనామా రాజీనామా కాదని నిరూపించే అవకాశం చట్టంలో ఉంది, కానీ ఆలస్యం దాన్ని చంపేస్తుంది. ఆ రోజో మర్నాడో కంపెనీకి ఈమెయిల్ పెట్టాలి: ఎన్ని గంటలకు పిలిచారు, గదిలో ఎవరున్నారు, ఏమన్నారు, తాను ఇష్టపడి ఇవ్వలేదు. కంపెనీ మెయిల్ ఆగిపోతుంది కాబట్టి సొంత ఐడీ నుంచే పంపి, పే స్లిప్పులు, అప్రైజల్ రేటింగులు ముందే దాచుకోవాలి. 'నాకు రావాల్సినవన్నీ ముట్టాయి' అనే కాగితం మీద సంతకం అడిగితే, అందిన మొత్తం, తేదీ రాసి 'మిగిలిన హక్కులకు లోబడి' అని చేర్చాలి. ఆ తర్వాత రాజీ అధికారి (కార్మిక వివాదాల్లో ఇరుపక్షాలనూ కూర్చోబెట్టే లేబర్ అధికారి) దగ్గర ఫిర్యాదు. ప్రైవేటు కంపెనీ, ఫ్యాక్టరీ అయితే రాష్ట్ర లేబర్ శాఖ, ఉక్కు కర్మాగారం, పోర్టు అయితే విశాఖలోనే ఉన్న ప్రాంతీయ లేబర్ కమిషనర్ (సెంట్రల్) కార్యాలయం. తప్పు కార్యాలయంలో పెట్టి నెలలు పోగొట్టుకునేవారు తక్కువేం కాదు. 45 రోజుల్లో రాజీ తేలకపోతే, అధికారి నివేదిక అందిన 90 రోజుల్లోపు కార్మికుడే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. పాత చట్టంలో మూడేళ్లున్న కాలపరిమితిని కొత్త కోడ్ రెండేళ్లకు కుదించింది. ఈలోగా కంపెనీయే దివాలాకు వెళితే, లిక్విడేషన్‌లో (ఆస్తులు అమ్మి బాకీలు పంచే దశలో) కార్మికుల గత 24 నెలల బాకీలకు తాకట్టు రుణదాతలతో సమాన స్థానం ఉంటుంది, పీఎఫ్, గ్రాట్యుటీ నిధులు లిక్విడేటర్ పంచే ఆస్తిలోకి రావు. అయితే క్లెయిమ్ ఫారం గడువులోగా వేసినవారి పేరే ఆ జాబితాలో ఉంటుంది.